వణికే రేకుతో క్రిముల తూకం

ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో, మీ బడిలో బల్ల అంచున స్కేలు నొక్కిపట్టి కొసను మీటండి. ఆ కొసకు మైనం ముద్ద అంటించి మళ్లీ మీటండి. వణుకు మందగించింది కదూ! కంటికి కనబడని క్రిములను తూచడానికీ ఇదే కిటుకు.

ఇనుము, నికెల్ కలిసిన పలుచని రేకు దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తుంటే, అది సాగుతూ కుంచించుకుంటూ కంపిస్తుంది. 2 మిల్లీమీటర్ల రేకయితే సెకనుకు సుమారు 10 లక్షల సార్లు! దానికి తీగలు తగిలించనక్కరలేదు. పక్కనున్న తీగచుట్టే కంపనాలను పసిగడుతుంది. 2010లో అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం వారు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లాను పట్టుకునే వైరస్‌ను రేకుకు పూతగా పూసి, టమాటాల మీదే ఆ క్రిములను కనిపెట్టారు. క్రిములు అంటుకున్నకొద్దీ కంపనాలు తగ్గుతాయి.

మరి మన ఉదయగిరి బోరునీళ్లలోని ఫ్లోరైడో? అది ఈ పూతకు అంటదు. దానికి వేరే పూత కావాలి.