ఎడారి కొండలలోని బంగారము

మనవారికి బంగారపు గని యనగానే కోలారు జ్ఞప్తికి వచ్చును. అచటి పలుగురాతి సిరలు సుమారు 270 కోట్ల సంవత్సరముల నాటి శిలలలో మిక్కిలి లోతు వఱకు వ్యాపించియున్నవి. అందుచేతనే 2001లో మూతపడు వఱకు ఆ గనులు నూఱేండ్లకు పైగా పనిచేసి, మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. కాని బంగారమంతయు నిట్లే యుండునని తలంపరాదు. పైపైని మెఱసి, కొలది లోతుననే తఱిగిపోవు బంగారమును గలదు. అమెరికాలోని నెవాడా ఎడారియందలి బుల్‌ఫ్రాగ్ కొండలు ఇందులకు మంచి నిదర్శనము.

1904 ఆగస్టులో షార్టీ హారిస్, ఎడ్ క్రాస్ అను నిరువురు అన్వేషకులు గాడిదలపై సామగ్రి వేసికొని ఆ కొండలలో తిరుగుచు, పసుపుపచ్చని బంగారపు చుక్కలుగల ఆకుపచ్చని రాతి నొకదానిని కనుగొనిరి. ఆ రాయి కప్పవీపువలె నుండుటచే ఆ స్థలమునకు 'బుల్‌ఫ్రాగ్' అను పేరు వచ్చెనని చెప్పుదురు.

ఎడారియందు అన్వేషకునకు ఒక సౌకర్యము, ఒక కష్టము కలవు. చెట్టు చేమలు గాని, దట్టమైన మన్ను గాని లేకపోవుటచే కొండ తన యెముకలను తానే చూపును. తెల్లని పలుగురాతి సిర దూరమునకే కానవచ్చును. అరుదుగా కురియు వానలకు సిరనుండి విఱిగిన ముక్కలు పల్లమునకు దొరలివచ్చును. వాని జాడ పట్టుకొని యెగువకు నడచిన, అవి యెచట నంతరించునో ఆ చేరువనే సిర యుండవలెను. కష్ట మేమనగా, ఇసుకను కడిగి బంగారమును వేఱుపఱచుటకు నీరే దొరకదు.

ఇక బంగార మచటి కెట్లు చేరెనో విచారింతము. ఒకటి మొదలు ఒకటిన్నర కోట్ల సంవత్సరములకు పూర్వము ఆ ప్రాంతమున అగ్నిపర్వతములు ప్రజ్వరిల్లెను. అవి వెడలగ్రక్కిన వేడి బూడిద పొరలు పొరలుగా పడి గట్టిపడి శిలయయ్యెను. అదే కాలమున భూమి పైపొర రెండు ప్రక్కలకు సాగుటచే ఆ శిలలు పగిలి, ఒరిగి, ఒకదానిపై నొకటి జాఱెను. ఆ పగుళ్ల గుండ వేడినీరు పైకి వచ్చెను.

లోతున పీడన మధికము గనుక, నీరు నూఱు డిగ్రీలు మించి వేడెక్కినను మరుగదు. అందు గంధకముతో గూడిన వాయువు కరగియుండును. దాని సహాయముననే స్వల్పమైన బంగారమును ఆ నీటిలో కరగి ప్రయాణము చేయును. నీరు పైకి వచ్చినకొలది పీడనము తగ్గి, ఒకచోట నది మరుగును. వాయువు విడిపోవును. తోడు పోయిన బంగారము కరగియుండజాలక పలుగురాతితోను, కాల్సైటుతోను కలిసి పగుళ్ల గోడలకు అంటుకొనును. సామాన్యముగా వెండియు దానితో కలిసియే యుండును.

ఇందు గమనింపదగిన దేమనగా, మరుగుట యనునది కొంత లోతు మేరలోనే జరుగును. ఆ మేర దాటిన తరువాత సిర క్రిందికి సాగినను, బంగారము మిక్కిలి తక్కువగా నుండవచ్చును. అంతేకాక, ఎండవానలకు పైరాయి శిథిలమై తక్కిన పదార్థములు కొన్ని పోగా, చెడని బంగారము మిగులును. కావున పైముక్క లోపలి రాతికంటె సంపన్నముగా కనబడుట కలదు.

ఈ సంగతిని మఱచినవారు మిక్కిలి నష్టపడిరి. 1905లో అచట రయొలైటు అను ఊరు వెలసెను. ఆ పేరు అచటి రాతిదే. రెండు మూడేండ్లలో వేలకొలది జనము చేరిరి. రైలు, విద్యుద్దీపములు, బ్యాంకులు, బడి అన్నియు వచ్చెను. చార్లెస్ ష్వాబ్ అను ధనికుడు 1906లో మాంట్‌గొమరీ షోషోన్ గనిని కొనెను. 1908లో వాటాదారులు సందేహించి ఇతరులచే గనిని పరీక్షింపజేయగా, ఫలితము అనుకూలముగా లేకపోయెను. వాటాల వెల పడిపోయెను. 1911లో గని మూతపడెను. 1916లో విద్యుత్తు ఆపివేయబడెను. 1920 నాటికి ఊరు దాదాపు శూన్యమయ్యెను. నేడు చాలవరకు మొండిగోడలే నిలిచియున్నవి.

అయినచో ఆ కొండలలో బంగారము లేదా? ఉన్నది, కాని రాతియంతట సూక్ష్మముగా చెదరియున్నది. టన్నుకు మూడు గ్రాములు గల రాయి యనుకొందము. తులము బంగారమునకు ఇంచుమించు నాలుగు టన్నుల రాతిని పొడిచేయవలెను. ఒక మనుష్యుడు సుత్తితో చేయదగిన పని కాదది. 1989లో పెద్ద యంత్రములతో అచటనే బహిరంగ గనిని త్రవ్వి, సుమారు పదేండ్లలో ఇరువది లక్షల ఔన్సులకు మించి బంగారమును తీసిరి. అంతకు ముందు వారు కొండను అనేక స్థలములందు లోతుగా తొలిచి, ప్రతి నమూనాను తూచి, పరీక్షించి, సగటు కట్టిరి.

మెఱయు ముక్క నేరి చూపినవాడు అబద్ధమాడలేదు. ఆ ముక్కలో బంగారము నిజముగనే యుండెను. కాని ఒక ముక్క కొండ కాదు. మంచిదానితోపాటు చెడ్డదానిని, నడిమిదానిని సమముగా నేరి తూచినగాని కొండ విలువ తెలియదు. రయొలైటు ప్రజలు ఈ లెక్కను ఇండ్లు కట్టిన తరువాత నేర్చుకొనిరి.