దీపములు గల మీటలపలక

ఈ నెలలో మా యింటికి క్రొత్తగా వచ్చిన యొక పరికరమును గూర్చి ఈ పూట మీతో ముచ్చటింపదలచితిని. అది కంప్యూటరునకు తగిలించు మీటలపలక. పిల్లలు దానిని కీబోర్డు అందురు. నేనును అట్లే అనెదను. కీబోర్డును గూర్చి చెప్పుటకేమున్నదని మీరు తలపవచ్చును. నేనును మొన్న మొన్నటివరకు అట్లే తలచితిని.

దీని యవసరము నాకు కలిగిన కారణము మొదట చెప్పవలెను. మాది దివిసీమలోని యొక చిన్న గ్రామము. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను కన్నులార చూచినవారు మీలో పలువురుందురు. నీరు తీసిన పిమ్మట మా నాయనగారు ఇల్లిల్లు తిరిగి, పోయినవారి పేర్లను ఇంటిపేర్లతోను వయస్సులతోను ఒక లెక్కల పుస్తకమున వ్రాసిరి. అప్పటి కాయనకు దొరకినది ఉప్పునీట నాని యెండిన పుస్తకమే. ఆ పట్టిక నాలుగు పుటలు. సిరా వన్నె తగ్గి యిప్పుడు కాగితపు రంగులో కలసిపోవుచున్నది. నేనున్నప్పుడే దానిని కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని నా పట్టుదల.

పగలు ఆ కంప్యూటరు మనుమల చేతిలో నుండును. నాకు దొరకునది రాత్రి తొమ్మిది దాటిన తరువాతి వేళ. బల్లదీపమును పుస్తకముపైకి వంచినచో మీటలు చీకటిలో పడును. మీటలపైకి వంచినచో పుస్తకము చదువ శక్యము గాదు. శుక్లములు తీయించుకొన్న కన్నులతో ఈ యవస్థ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. పైగా ఇంట నున్న పాత కీబోర్డు రబ్బరుది. మీట నొక్కితినో లేదో వ్రేలికి తెలియదు. తెరవైపు చూచి పోల్చుకొనవలెను. అంతలో పుస్తకమున ఏ వరుసలో నుంటినో తప్పిపోవుదును. ఒకనాడు ఒక యింటివారి పేర్లన్నియు దాటిపోయి, మరునాడు గాని తెలిసికొనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది చూచి మా మనుమడు ఈ క్రొత్త పలకను తెప్పించెను. వెల 3,800 రూపాయలు.

పెట్టె తెరచి చేతికి తీసికొనగానే తోచినది దాని బరువు. మీటల క్రింద ఇనుపరేకు ఉన్నది. బల్లపై నుంచిన చోటు నుండి కదలదు. మీటలు 87. తీగ తగిలించినంతనే ఎఱుపు, పచ్చ, నీలము, ఊదా వన్నెలు ఒకదానివెంట నొకటి పరుగులెత్తినవి. తిరునాళ్ళలో గాజుల దుకాణము ముందు కూర్చున్నట్లయినది. ఇది నావంటివానికి కాదు, తిరిగి పంపుమంటిని. మనుమడు నవ్వి, రెండు మీటలు కలిపి నొక్కి, రంగులన్నియు మాన్పి వట్టి తెలుపు నిలిపెను. వెలుగును సగమునకు తగ్గించెను. అప్పుడు కంటికి హాయిగా నుండెను.

రబ్బరు పలకకును దీనికిని గల భేదమును చెప్పెదను. రబ్బరుదానిలో మీటలన్నింటి క్రిందను పలుచని ప్లాస్టికు పొరలుండును. మీట క్రిందనున్న రబ్బరు బుడిపె అణగి పైపొరను క్రిందిపొరకు తాకించినప్పుడు విద్యుత్తు ప్రవహించును. అందుచే మీటను అడుగువరకు నొక్కవలెను. కొంతకాలమునకు రబ్బరు బిగిసికొనిపోవును, లేదా సడలును. యాంత్రిక పలకలో నన్ననో, ప్రతి మీటకును వేరువేరుగా నొక స్విచ్చి. అందులో నొక కాడ, దాని క్రింద ఉక్కు స్ప్రింగు, ప్రక్కన రెండు లోహపు రేకులు. మీట మొత్తము దిగు లోతు 4 మిల్లీమీటర్లు. కాని రమారమి 2 మిల్లీమీటర్లు దిగగానే రేకులు కలసికొని అక్షరము పడును. కావున అడుగు తగులువరకు నొక్కనక్కరలేదు. కావలసిన బలము 50 గ్రాముల తూకమునకు అటునిటు. ముసలివ్రేళ్ళకు ఈ సగము ప్రయాణమే పెద్ద ఉపకారము.

స్విచ్చులలో మూడు తెగలు గలవు. నున్నగా దిగునవి కొన్ని. నడుమ చిన్న మిట్ట తగిలినట్లు వ్రేలికి తెలియజేయునవి కొన్ని. ఆ మిట్టతోపాటు టిక్కుమని పలుకునవి కొన్ని. మాకు వచ్చినవి పలుకునవి. నాకు ఆ శబ్దము మిక్కిలి నచ్చెను. పూర్వము రిజిస్ట్రారు కచ్చేరీ అరుగుమీద దస్తావేజులు టైపు చేయువారి యంత్రధ్వని జ్ఞప్తికి వచ్చినది. కాని మూడవనాటి రాత్రి మా యింటిది లేచి వచ్చి, “ఈ అడకత్తెర చప్పుడు ఎంతసేపండీ?” అనెను. మరునాడు మనుమడు చిన్న పట్టకారుతో స్విచ్చులన్నియు ఊడబెరికి, పలుకని మిట్టస్విచ్చులు అమర్చెను. ఈ పలకలో టంకము విప్పకుండగనే మార్చుటకు వీలున్నది. కొనువారు ఈ వీలు గలదా యని అడిగి కొనుట మేలు. ఏలయన, అంతకుముందే ఒక మీట నొక్కుకు రెండక్షరములు పడుట మొదలుపెట్టగా, ఆ యొక్క స్విచ్చిని మార్చుటతో సరిపోయినది.

ఇక దీపముల మాట. ప్రతి మీట క్రిందను ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము గలదు. మీటపై తొడుగును రెండు ప్లాస్టికులతో పోసెదరు: నల్లనిది వెలుగును ఆపును, అక్షరరూపమున నున్న తెల్లనిది వెలుగును వదలును. కావున అక్షరమే వెలిగినట్లు కనబడును. రంగు పూసినది గాదు గనుక అరిగిపోదు. ఇంతవరకు బాగు. కాని వెలుగునవన్నియు ఇంగ్లీషు అక్షరములే! తెలుగక్షరముల చీటీలు తెప్పించి మీటలపై అంటించితిని. చీటీ వెలుగును కప్పివేసెను. దీపము మీటకు పైయంచున నుండుటచే, చీటీని క్రిందియంచున అంటించినను తెలుగు చీకటిలోనే మిగిలెను. దీపముల పలక కొని తెలుగునకు దీపము లేకపోయెనే యని చిన్నబోతిని.

అప్పుడు మనుమడు చెప్పిన సంగతి నా కన్నులు తెరిపించినది. పలకకు ఇంగ్లీషు రాదట! పలకలోపలి చిన్న యంత్రము మీటల వరుసలను సెకనుకు వందలసార్లు తడవి చూచి, ఏ స్థానముననున్న మీట నొక్కబడినదో ఆ సంఖ్యను మాత్రము కంప్యూటరునకు పంపును. ఆ సంఖ్యకు ఏ యక్షరమో నిర్ణయించునది కంప్యూటరే. తెలుగని చెప్పినచో తెలుగక్షరమే వేయును. ఏ మీటకు ఏ తెలుగక్షరమో ఒక క్రమము భారతీయ ప్రమాణముగా 1991 లోనే ఏర్పడియున్నది. దానిని ఇన్‌స్క్రిప్టు అందురు. అది విండోసు కంప్యూటరులో ముందే యుండును, వేరుగ కొననక్కరలేదు.

ఆ క్రమమును చూచినప్పుడు నాకు కలిగిన సంతోషమును మీతో పంచుకొనక తప్పదు. గుణింతపు గుర్తులలో హెచ్చుభాగము ఎడమచేతి క్రింద, హల్లులలో హెచ్చుభాగము కుడిచేతి క్రింద నున్నవి. నడిమివరుసలో ప, క, త, చ, ట. వాని నెత్తిన, పైవరుసలో సరిగా బ, గ, ద, జ, డ. పరుషములు క్రింద, సరళములు పైన! చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి ఇంతకంటె చెప్పవలసినదేమి? షిఫ్టు మీటతో కలిపి నొక్కినచో క అనునది ఖ యగును, గ అనునది ఘ యగును. గుడి గుర్తు ఇ యగును. “తెలుగు” అను మాటకు త, ఎత్వము, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు నొక్కులు. కుడిచేయి, ఎడమచేయి ఒకదాని తరువాత నొకటి వచ్చును. ఒత్తక్షరమునకు నడుమ పొల్లు గుర్తు వేయవలెను. హిందీకిని కన్నడమునకును అరవమునకును త అను మీట చోటు ఇదియే.

మనుమలు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు కొట్టుదురు. కంప్యూటరు ఊహించి తెలుగుచేయును. ఉత్తరములకది చాలును. నేనును తొలుత అట్లే చేసితిని. “నాగమణి” అని నేను కోరగా “నాగమని” అని పడినది. నకారమునకును ణకారమునకును ఒక్క ఇంగ్లీషు అక్షరమే గదా. కూరలో నుప్పు తగ్గినను సరిపెట్టుకొందుము. కాని ఉప్పెనలో పోయిన బిడ్డ పేరును తప్పుగా వ్రాయుటకు నాకు మనసొప్పలేదు. ఇన్‌స్క్రిప్టులో నేను నొక్కినదే పడును. ఊహ యనునది లేదు.

పదునైదు దినములు గడచినవి. చూపుడువ్రేళ్ళు ఆనవలసిన రెండు మీటలపై చిన్న గీటు ఉబ్బెత్తుగా నున్నది. ఎడమదానిపై గుడి, కుడిదానిపై ర. ఆ గీటు తగిలినచో తక్కిన చోట్లు వ్రేళ్ళు వెదకికొనుచున్నవి. చీటీలు పెరికివేసితిని. నిజము చెప్పవలెనన్నచో, ఇప్పుడు దీపములు నాకు తోడ్పడునది అక్షరములకు గాదు, వయస్సులు వేయునపుడు పైవరుస అంకెలకు. అంకెలమీటలను చూడక కొట్టుట నాకింకను చేతగాలేదు. దీపము లేనిచో 6 కు బదులు 7 పడును.

రెండు పుటలు పూర్తియైనవి. మూడవ పుటలో నాలుగవ వరుస పేరు తొలియక్షరము మాసిపోయినది. వీరయ్యయో పేరయ్యయో తెలియుటలేదు. ఇంటిపేరు స్పష్టముగ నున్నది. ఆ యింటివారు ఇప్పుడు పొరుగూర నున్నారు. రేపు వెళ్ళి అడుగవలెను. అంతవరకు ఆ చోటు ఖాళీగా ఉంచితిని.