ఆ చెయ్యి ఖరీదెంత?

అమ్మమ్మ, తాతయ్యలది ఆంధ్రప్రదేశ్. మనవడు ఆడేది అమెరికన్ బేస్‌బాల్. పంతొమ్మిదేళ్లకే దేశాన్ని తనవైపు తిప్పుకున్న కుమార్ రాకర్‌ను లెక్కగట్టడానికి అంత పెద్ద క్లబ్బులు ఎందుకు తడబడ్డాయి?

మన మూలాలున్న బేస్‌బాల్ కుర్రాడి మీద ముఖచిత్ర కథనం కావాలని సంపాదకులు చెప్పారు. ఆయన మనసులో ఉన్నది విజయగాథ. రికార్డులు తిరగేస్తుంటే నా కళ్లు మాత్రం ఒక ఎంఆర్‌ఐ దగ్గరే ఆగిపోయాయి. కుమార్ విసిరిన బంతులను లక్షలమంది చూశారు. అతని చేతి లోపల తీసిన ఆ చిత్రాన్ని చూసినవాళ్లు బహు కొద్దిమంది. అతని దారి మళ్లించింది వాళ్లే.

ముందు ఆ కుర్రాడిని చూద్దాం. 2019 జూన్ 8. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ జట్టు డ్యూక్ యూనివర్సిటీ చేతిలో ముందురోజు 18-5తో చిత్తయింది. ఇంకొకటి ఓడితే ఇంటికే. అలాంటి రోజున మొదటి సంవత్సరం విద్యార్థి కుమార్ చేతికి బంతి ఇచ్చారు. అతను 131 బంతులు వేశాడు. 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. ప్రత్యర్థికి మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ కూడా దక్కలేదు. కాలేజీ పోటీల్లో ‘సూపర్ రీజనల్’ అనే ఆ దశలో అంతకుముందు ఎవరూ చేయని పని అది. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. అతని స్లైడర్ చేతిలోంచి వచ్చేటప్పుడు ఫాస్ట్‌బాల్‌లాగే ఉంటుంది. బ్యాటర్ ఊపు మొదలుపెట్టాక బంతి పక్కకి జరిగి, కిందికి కూలుతుంది. బంతి విసిరే పిచ్చర్ నిలబడే చోటుకీ బ్యాటర్ దగ్గరుండే హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్ల బంతి దాన్ని దాదాపు 0.4 సెకన్లలో దాటేస్తుంది. అందులో సగం సమయం బ్యాటర్ తేల్చుకోవడానికే సరిపోతుంది.

కుర్ర పిచ్చర్‌ను చూడటానికి క్లబ్ పంపే స్కౌట్ చేతిలో రాడార్ గన్, ఒడిలో ఒక ఫారం ఉంటాయి. అందులో మార్కులు 20 నుంచి 80 దాకా. 50 అంటే బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ సగటు. 80 అంటే తరానికి కొందరికే వచ్చే మార్కు. ఫాస్ట్‌బాల్, స్లైడర్, ఛేంజప్, కంట్రోల్... ఒక్కోదానికి రెండేసి మార్కులు పడతాయి: ఒకటి ఇవాళ్టిది, రెండోది రేపటిది. ఆ రెండో గడి నింపడంలోనే స్కౌట్ పనితనమంతా ఉంది. ఎత్తు, భుజాల వెడల్పు, విసిరేటప్పుడు చెయ్యి తిరిగే తీరు, అలసిపోయాక మోచెయ్యి కిందికి జారుతోందా, హిట్ పడ్డాక ముఖం ఎలా ఉంది... ఇవన్నీ చూసి, పాతికేళ్ల వయసులో ఈ కుర్రాడు ఎలా ఉంటాడో ఊహించి రాయాలి. కుమార్ ఎత్తు 196 సెంటీమీటర్లు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు, కోచ్. ఫారం ప్రకారం చూస్తే వంక పెట్టడానికి దాదాపు ఏమీ లేదు.

2021 వసంతంలో వంక దొరికింది. కొన్ని మ్యాచుల్లో ఫాస్ట్‌బాల్ వేగం గంటకు 145 కిలోమీటర్ల దగ్గరికి జారింది. అయినా ఆ సీజన్‌లో 122 ఇన్నింగ్స్‌లో 179 స్ట్రైకవుట్లు తీశాడు. జులైలో క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ క్లబ్ అతన్ని పదో ఆటగాడిగా ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. ఆ తర్వాత క్లబ్ వైద్యపరీక్షలు చేయించింది. ఫలితం చూసి వెనక్కి తగ్గింది. ఆగస్టు 1 గడువు సంతకం లేకుండానే దాటిపోయింది.

ఇక్కడ నిబంధన ఒకటి తెలుసుకోవాలి. డ్రాఫ్ట్‌కు ముందే ఎంఆర్‌ఐ చేయించుకునే ఏర్పాటులో కుమార్ చేరలేదు. కాబట్టి మెట్స్ అతనికి ఒక్క డాలరు కూడా ఇవ్వజూపాల్సిన పని లేదు. పైగా మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో 11వ ఎంపిక పరిహారంగా దక్కింది. కుర్రాడికి మాత్రం ఆ ఏడు ఇంకో క్లబ్‌తో మాట్లాడే వీలు కూడా లేదు. ఏజెంట్ స్కాట్ బోరాస్ తమ డాక్టర్లు చూశారని, చెయ్యి బాగుందని వాదించాడు. ఏం చూసి భయపడిందో క్లబ్ వివరంగా బయటపెట్టలేదు. రిపోర్టు ఎంత గుట్టుగా ఉందో, దానిమీద పుట్టిన ఊహాగానాలు అంత బాహాటంగా సాగాయి. 21 ఏళ్లవాడి భుజం, మోచెయ్యి గురించి అందరూ మాట్లాడుకున్నారు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. క్లబ్ తన డబ్బు కాపాడుకోవచ్చు, అది దాని హక్కు. నష్టమంతా ఒక్క వైపే పడేలా నిబంధన ఉండటం తప్పు. క్లబ్బులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో దాన్ని మార్చారు. ముందుగా పరీక్షలు చేయించుకున్న ఆటగాడికి, ఆ ఎంపిక స్థానానికి కేటాయించిన మొత్తంలో కనీసం 75 శాతం ఇవ్వజూపాల్సిందే.

2021 సెప్టెంబరులో కుమార్ భుజానికి చిన్న శస్త్రచికిత్స జరిగింది. 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ తరఫున మేజర్ లీగ్ క్లబ్బులకు అనుబంధం కాని ఫ్రాంటియర్ లీగ్‌లో ఆడి, 20 ఇన్నింగ్స్‌లో 32 స్ట్రైకవుట్లు తీశాడు. జులైలో టెక్సస్ రేంజర్స్ అతన్ని ఏకంగా మూడో ఆటగాడిగా తీసుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. నిపుణుల జాబితాల్లో అతను అంత పైన లేడు. 2023 మేలో మోచేతికి, తెగిన లిగమెంట్ స్థానంలో టెండన్ అతికించే టామీ జాన్ శస్త్రచికిత్స తప్పలేదు.

ఇంతకీ మెట్స్ డాక్టర్లు గెలిచినట్టా? అలా తేల్చలేం. అదే శస్త్రచికిత్స చేయించుకుని మేజర్ లీగ్‌లో వెలిగిన పిచ్చర్లు ఎందరో ఉన్నారు. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో కుమార్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. నాలుగు ఇన్నింగ్స్, ఒకే పరుగు, ఏడు స్ట్రైకవుట్లు. 2025 కలిసిరాలేదు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఐదుకు పైగా పరుగులిచ్చి, మళ్లీ మైనర్ లీగ్‌కు వెళ్లాడు. నా మట్టుకు స్లైడర్‌కు ఇప్పటికీ పెద్ద మార్కే వేస్తాను. బెంగంతా ఫాస్ట్‌బాల్ గురించే. అది అనుకున్న చోట పడకపోతే బ్యాటర్లు స్లైడర్‌ను వదిలేసి దానికోసమే కాచుకుంటారు. అతను సరిదిద్దుకోవాల్సింది అక్కడే.

కొలతల కథ
1965లో మేజర్ లీగ్ డ్రాఫ్ట్ మొదలైంది. 1970ల మధ్యలో మిషిగన్ స్టేట్ కోచ్ డానీ లిట్‌వైలర్ పోలీసుల రాడార్ గన్‌ను బంతి మీదికి తిప్పాడు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, పిచ్చర్ టామీ జాన్ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో టెండన్ అతికించాడు. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో బంతి వేగాన్నీ, తిరుగుడునూ నమోదు చేస్తోంది.

రాడార్ ఎంపిక చేసిన ఇద్దరు
2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ మన దేశంలో వేలమంది కుర్రాళ్లతో బంతులు వేయించింది. చూసింది రెండే: వేగం, గురి. ఉత్తరప్రదేశ్ జావెలిన్ త్రోయర్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఎంపికయ్యారు. అప్పటిదాకా వాళ్లకు బేస్‌బాల్ తెలియదు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. మేజర్ లీగ్ దాకా ఇద్దరూ చేరలేదు. దినేశ్ 2010లో తిరిగొచ్చాడు. రింకూ కొన్నేళ్లు మైనర్ లీగుల్లో నిలబడి, తర్వాత వీర్ మహాన్ పేరుతో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ బరిలో దిగాడు.