లోకం అంతమైనా రికార్డులు ఆగవు!

ప్రళయం వచ్చింది, జనం పోయారు, మిగిలినవాళ్ల వెంట శవాలు పడ్డాయి. ఇలాంటి సినిమాల్లో ఎవరు ఎందులో ఫస్టో చూద్దామా?

అన్నిటికన్నా పాతవాటిలో ఒకటి: డెన్మార్క్ మూకీ చిత్రం ‘వెర్డెన్స్ ఉండెర్‌గాంగ్’. 1916లో వచ్చింది. తోకచుక్క భూమి పక్కనుంచి దూసుకెళ్లి విలయం సృష్టిస్తుంది. హేలీ తోకచుక్క జనాన్ని హడలెత్తించిన ఆరేళ్లకే తీశారు. మన తొలి తెలుగు టాకీకి ఇంకా 16 ఏళ్లు ఉంది!

తెలుగులో పెద్దన్న: 1991 నాటి ‘ఆదిత్య 369’. సింగీతం శ్రీనివాసరావు టైమ్ మెషీన్ ఎక్కించి 1526కు తీసుకెళ్లారు, అక్కణ్నుంచి 2504కు దూకించారు. ఆ ఒక్క దూకే 978 ఏళ్లు! 2504లో మూడో ప్రపంచ యుద్ధం అయిపోయింది, రేడియేషన్‌కు భయపడి మనుషులు భూగర్భంలో ఉంటున్నారు. ఒక్క సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు: పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్. 34 ఏళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చింది.

తెలుగులో ఖర్చుకు మొనగాడు: నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’. సుమారు 600 కోట్లని వాణిజ్య వర్గాల లెక్క. 2024 జూన్ 27న ఐదు భాషల్లో విడుదలైంది. హోసూరు వీధుల్లో వినిపించే తెలుగు, తమిళం, కన్నడం మూడూ అందులో ఉన్నాయి. మొదటి రోజే 191.5 కోట్లు, మూడు వారాల్లోపే వెయ్యి కోట్లు వచ్చాయని నిర్మాతల ప్రకటన. విజువల్స్‌కు, అమితాబ్‌కు జేజేలు. ఫస్టాఫ్ నెమ్మదన్నది మాత్రం చాలామంది గొణుగుడు.

వయసులో అందరికీ తాత: అందులోని అశ్వత్థామ. కురుక్షేత్రం నుంచి 2898 దాకా సుమారు 6000 ఏళ్లు! విలన్ యాస్కిన్‌కు 200 ఏళ్లే, ఆయన ముందు పసివాడు. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తేల్చారు. పంచాంగాల కలియుగారంభం క్రీ.పూ. 3102 నుంచి లెక్కేస్తే, అశ్వత్థామ ఆ ఇనుముకన్నా కనీసం 930 ఏళ్లు పెద్ద!

బరువులో ఛాంపియన్: ‘కల్కి’లోని ‘బుజ్జి’. పేరుకే బుజ్జి, బరువు 6 టన్నులు! పొడవు 6.075 మీటర్లు, వెడల్పు 3.38 మీటర్లు. మహీంద్రా, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ కలిసి చేసిన కారు. హోసూరు టీవీఎస్ వారి ఎక్స్‌ఎల్ మోపెడ్లు 66కు పైగా ఒక పళ్లెంలో పెడితేగానీ తూగదు.

తొలి తెలుగు జాంబీ: ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’. 2021 ఫిబ్రవరి 5న వచ్చింది. సీమ ఫ్యాక్షన్, కరోనా, జాంబీలు మూడూ ఒకే కుండలో! వేటకొడవళ్లకు భయపడే ఊరికి కొరికే శవాలు తోడయ్యాయి. హీరోగా తేజ సజ్జకు ఇదే తొలి సినిమా. ఇదే జోడీ మూడేళ్లకు ‘హనుమాన్’తో దుమ్ము రేపింది. తమిళ జాంబీ ‘మిరుదన్’ మాత్రం ఐదేళ్లు ముందే, 2016లోనే వచ్చేసింది.

వేగంలో మెరుపు: 2002 నాటి ‘28 డేస్ లేటర్’. పాత జాంబీలు కాళ్లీడ్చుకుంటూ వచ్చేవి, వీళ్లు పరుగు లంకించుకుంటారు. రక్తం అంటితే 10 నుంచి 20 సెకన్లు, అంతే! ఆలోగా పక్కవాణ్ని చంపాలి, లేదా వాడి చేతిలో చావాలి.

నిశ్శబ్దంలో రారాజు: 2018 నాటి ‘ఎ క్వైట్ ప్లేస్’. చప్పుడైతే చావే. నిడివి 90 నిమిషాలు, మాటలు చాలావరకు సైగలతోనే. ఖర్చు 1.7 కోట్ల డాలర్లు, వసూళ్లు 34 కోట్ల డాలర్లు. అంటే 20 రెట్లు! ఈలలు వేసే మన నేల టికెట్టు హీరోలు ఆ ఊళ్లో ఐదు నిమిషాలు కూడా బతకరు.

చవకలో దిట్ట: బ్రిటన్ జాంబీ చిత్రం ‘కోలిన్’. 2008లో పూర్తయింది. ఖర్చు 45 పౌండ్లు, అప్పటి లెక్కలో అటూ ఇటూగా మూడున్నర వేల రూపాయలు! ‘కల్కి’ బడ్జెట్‌తో ఇలాంటివి 17 లక్షలు తీయొచ్చు. అయినా మరుసటి ఏడాది కాన్ మార్కెట్లో సందడి చేసింది.

లాభంలో మహారాజు: 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. ఖర్చు సుమారు 1.14 లక్షల డాలర్లు, వసూళ్లు దాదాపు 3 కోట్లు. 260 రెట్లకు పైనే! వెయ్యి కోట్ల ‘కల్కి’ది రెండు రెట్లు కూడా కాదు. కానీ నష్టంలోనూ రికార్డు దీనిదే. పేరు మార్చిన పంపిణీదారులు కొత్త పేరు పక్కన కాపీరైట్ ముద్ర వేయడం మరిచారు. దాంతో సినిమా అందరి సొత్తయింది. తీసినవాళ్లకు పైసా కట్టకుండా ఎవరైనా ఆడించుకోవచ్చు!