రబ్బరును దాచుకునే పద్ధతి

మందు కొట్టే స్ప్రేయరు, సైకిలు, నీళ్ళ మోటారు, కుక్కరు - వీటన్నింటిలోనూ రబ్బరు ఉంటుంది. వాషరు ఖరీదు కొద్ది రూపాయలే. కానీ అది పగిలితే స్ప్రేయరులోని పురుగు మందు కారి, మోసే మనిషి వీపు మీద పడుతుంది. చాలా పురుగు మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. పత్తి, మిరప చేలల్లో మందు కొట్టేది మన నాన్నలు, అన్నలే. కనుక ఇది మనం తెలుసుకోవలసిన విషయం.

రబ్బరు ఎందుకు పాడవుతుంది?

రబ్బరు చెట్టు పాల నుండి తీసిన పచ్చి రబ్బరు వేడికి జిగురవుతుంది, చలికి గట్టిపడుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే ఈ లోపం పోతుందని 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. దీనినే వల్కనైజేషన్ అంటారు. రబ్బరు అణువులు పొడవైన గొలుసుల వలె ఉంటాయి. గంధకం వాటిని ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ ఆ గొలుసులను దెబ్బ తీస్తాయి. ఎండ, వేడి తగిలితే ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన కనిగిరి ప్రాంతంలో, రేకుల కింద పడేసిన కొత్త వాషరు వాడకుండానే పాడవుతుంది.

ఎలా దాచాలి?

1. మందు కొట్టే పని అయ్యాక పెద్దలే చేతులకు తొడుగులు వేసుకొని స్ప్రేయరును మంచినీటితో కడగాలి. పైపులో నీరు లేకుండా తీసి నీడలో ఆరబెట్టాలి. కడిగిన నీటిని బావిలో, కుంటలో పోయరాదు.

2. పైపును మేకుకు తగిలించరాదు. సాగిన చోట, మడత పడిన చోట ముందుగా పగుళ్ళు వస్తాయి. వదులుగా చుట్టి నేల మీద ఉంచాలి.

3. విడి వాషర్లకు, సైకిలు ట్యూబులకు టాల్కం పౌడరు రాసి, వెలుతురు పడని డబ్బాలో మూతపెట్టి, ఇంట్లో చల్లని చోట ఉంచాలి.

4. కిరోసిన్, డీజిల్, గ్రీజు తగలనివ్వరాదు. వాటికి మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

5. ముందు కొన్నదాన్ని ముందు వాడాలి.

మళ్ళీ పని మొదలుపెట్టేటప్పుడు వాషరును వంచి చూడాలి. పగుళ్ళు కనిపించినా, గట్టిపడినా, జిగురుగా ఉన్నా మార్చాలి. మందు పోసే ముందు ఉత్త నీటితో ఒకసారి కొట్టి, ఎక్కడైనా కారుతుందేమో చూడాలి.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు మాటలు మన పెద్దలకు చెబుదాం. చదివిన సైన్సు ఇంటికి ఉపయోగపడితేనే చదువుకు సార్థకత.