ఇంటి ఎడ్లు – బండలాగుడు పోటీలు

పశువులను సొమ్ములని పిలిచినా, ఇంటి మనుషులతో సమానంగా చూచుకొనడం రాయలసీమ రైతుకు అలవాటు. కడప జిల్లాలో దువ్వూరు, ప్రొద్దుటూరు ప్రాంతాల పొలాలలోకి ట్రాక్టర్లు వచ్చిన తరువాత దుక్కిటెడ్లు తగ్గిపోయినవి. అయినా కొందరు రైతులు ఒంగోలు జాతి కోడెలను మక్కువతో పెంచుతున్నారు. అందుకు ముఖ్యకారణం తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలు.

ఈ పోటీలలో కాడికి కట్టిన ఎడ్లజత బరువైన రాతిబండను లాగుతుంది. నిర్ణీత సమయంలో ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి లభిస్తుంది. దూరాన్ని అడుగులలో కొలుస్తారు. ఎడ్లను పండ్లను బట్టి విభజిస్తారు. పశువుకు సుమారు రెండేళ్ల వయసులో ముందరి పాలపండ్లు రెండు ఊడి, వాటి స్థానంలో శాశ్వత దంతాలు వస్తాయి. తరువాత క్రమంగా రెండేసి చొప్పున మిగిలినవి మారుతాయి. ఆ లెక్కనే పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగుపండ్లు, ఆరుపండ్లు అనే విభాగాలు ఏర్పడినవి. దీనివలన లేతకోడె ముదురు ఎద్దుతో తలపడవలసిన అవసరం ఉండదు.

కొన్ని నిమిషాల ఈ పోటీకి ఏళ్ల తరబడి పోషణ అవసరం. ఉలవలు ఉడికించి పెట్టడం, ఒళ్లు కడగడం, జతను కలిసి అడుగువేయడానికి అలవాటు చేయడం ఇంటిల్లిపాది పని. యజమాని గొంతు విని కదిలే ఎద్దుకు దెబ్బలతో పనిలేదు. అయినా గెలుపు మోజులో కొరడాను నమ్ముకొనేవారు లేకపోలేదు. పశువులను కొట్టి హింసించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. అలసిన ఎద్దును బరినుండి తప్పించడానికి వెనుకాడనివాడే మంచి రైతు. పోటీ ముగిసిన తరువాత ఆ జత తిరిగి చేరవలసింది అతని కొట్టానికే.