ఎన్ని సెకన్లకు ఒక ఫొటో? టైమ్ ల్యాప్స్ అసలు లెక్క

జూన్‌లో నైరుతి రుతుపవనాలు హైదరాబాద్‌ను తాకే రోజుల్లో కాప్రా చెరువు మీదికి మబ్బులు ఎటునుంచి వస్తాయి, ఎక్కడ కమ్ముకుంటాయి, ఎక్కడ విడిపోతాయి? మేడ మీద గంటసేపు నిలబడి చూసినా ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేం. ఆకాశమంతా కదులుతూనే ఉంటుంది గానీ, ఆ నెమ్మది మన చూపుకు అందదు. అందని ఆ కదలికను కంటికి అందే వేగానికి తెచ్చేదే టైమ్ ల్యాప్స్ వీడియో. డీఎస్ఎల్ఆర్ కెమెరా, కదలని ఒక స్టాండు ఉంటే ఎవరైనా తీయొచ్చు. అయితే మంచి వీడియోకు ఖరీదైన లెన్సు కన్నా ముందు కావాల్సింది చిన్న లెక్క.

సినిమా తెర మీద సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. టైమ్ ల్యాప్స్‌లో ఆ 24 బొమ్మలనూ ఒక్క సెకనులో తీయం. ఎడం ఇచ్చి ఒక్కొక్కటిగా తీస్తాం. ఐదు సెకన్లకు ఒక ఫొటో చొప్పున తీసి, సెకనుకు 24 చొప్పున చూపిస్తే కాలం 120 రెట్లు వేగంగా నడుస్తుంది. ఐదును 24తో గుణిస్తే వచ్చిన సంఖ్య అది. ఆ లెక్కన రెండు గంటల సాయంత్రానికి 1,440 ఫొటోలు అవుతాయి, వీడియో సరిగ్గా ఒక్క నిమిషం వస్తుంది.

ఈ పద్ధతి డిజిటల్ కెమెరాలతో పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో పెర్సీ స్మిత్ 1910లో పూలు విచ్చుకోవడాన్ని ఇలాగే చిత్రించాడు. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’కు ముందే కుండీలో బఠానీ గింజ నాటి, ఎదురుగా కెమెరా పెట్టి, నెలకు పైగా జరిగిన ఎదుగుదలను నిమిషం పైచిలుకు సినిమాగా చూపించాడు. భారతీయ సినిమాకు ఆద్యుడైన మనిషి తన పనితనాన్ని ముందుగా ఒక మొలక మీదే రుజువు చేసుకున్నాడు.

ఎడం ఎంత ఉండాలన్నది తీసే వస్తువు వేగాన్ని బట్టి తేలుతుంది. గాలివానకు ముందు పరుగెత్తే మబ్బులకు ఒకటి నుంచి మూడు సెకన్లు. తీరిగ్గా సాగే తెల్లమబ్బులకు, సూర్యాస్తమయానికి ఐదు సెకన్ల ప్రాంతం. గోడ మీద జరిగే నీడకు పదిహేను నుంచి ముప్ఫై. మొగ్గ విచ్చుకోవడానికి నిమిషాలు, కట్టే భవనానికి పావుగంట నుంచి గంట. ఎడం ఎక్కువైతే మబ్బులు సాగవు, ఎగిరి గంతులేస్తాయి. తక్కువైతే కార్డు నిండుతుంది, వీడియో మాత్రం మందకొడిగా ఉంటుంది. అనుమానంగా ఉంటే తక్కువ ఎడమే మేలు. తర్వాత ఒక ఫొటో విడిచి ఒకటి వాడుకోవచ్చు గానీ, తీయని ఫొటోను తీసుకురాలేం.

రెండో సూత్రం: ఒకసారి మొదలయ్యాక కెమెరా సొంత నిర్ణయాలు తీసుకోకూడదు. ఆటోలో వదిలేస్తే తెల్లమబ్బు వచ్చినప్పుడు ఒకలా, నీలాకాశం కనిపించినప్పుడు మరోలా వెలుతురు సరిచేసుకుంటుంది. విడి ఫొటోల్లో ఆ తేడా తెలియదు, వీడియోలో మాత్రం తెర మినుకుమినుకుమంటుంది. అందుకే మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ మూడూ స్థిరంగా పెట్టాలి. వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఎండకో మబ్బుకో ఖాయం చేయాలి. దూరపు వస్తువు మీద ఫోకస్ చేసి, లెన్సు మీద ఆటో ఫోకస్ మీటను ఆపేయాలి. వీలైతే ఫొటోలు రా ఫార్మాట్‌లో తీయాలి, రంగులు దిద్దుకునే వెసులుబాటు అందులోనే ఎక్కువ.

ఇన్ని చేసినా కొన్నిసార్లు మినుకు పోదు. దానికి కారణం లెన్సులోనే ఉంటుంది. డీఎస్ఎల్ఆర్‌లో అపర్చర్ మామూలుగా పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, క్లిక్‌మన్నప్పుడల్లా మనం పెట్టిన కొలతకు మూసుకుంటుంది. ప్రతిసారీ అణుమాత్రం తేడాతో మూసుకోవడం వల్ల వెలుతురు మారుతుంది. అపర్చర్‌ను పూర్తిగా తెరిచి తీస్తే ఈ బాధ ఉండదు. చేత్తో తిప్పే అపర్చర్ రింగు ఉన్న పాత లెన్సులూ ఇక్కడ బాగా పనికొస్తాయి. మరో మినుకు దీపాలది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంటాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ చౌరస్తా లాంటి కూడలిలో రాత్రి తీసేటప్పుడు షట్టర్ సెకనులో యాభయ్యో వంతు కన్నా నెమ్మదిగా ఉండాలి. నిజానికి రాత్రి ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజరే బాగుంటుంది, బండ్ల దీపాలు గీతలుగా సాగి కదలిక మెత్తబడుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది పగలు రాత్రిగా మారే వేళ. అరగంట ముప్పావుగంటలో వెలుతురు వేల రెట్లు పడిపోతుంది, స్థిరంగా పెట్టిన ఎక్స్‌పోజర్ చీకటిని మాత్రమే మిగులుస్తుంది. కెమెరాను కదపకుండా కొద్ది నిమిషాలకోసారి షట్టర్ సమయాన్ని ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోవడం పాత పద్ధతి. ఆ మెట్లను తర్వాత ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్ వంటి సాఫ్ట్‌వేర్‌లో నున్నగా కలుపుతారు. షట్టర్ సమయం ఎడాన్ని ఎప్పుడూ దాటకూడదు. కాప్రాలో సూర్యుడు డిసెంబరు మొదట్లో సాయంత్రం 5.40 ప్రాంతంలో, జూన్ చివర్లో 6.50 దాటాక అస్తమిస్తాడు. అస్తమించే చోటు కూడా పడమటి దిక్కున అటూ ఇటూ చాలా జరుగుతుంది. అందుకే ముందురోజు అదే వేళకు వెళ్లి చూసుకోవాలి.

ఇక సరంజామా. చాలా నికాన్ కెమెరాల్లో ఎడం పెట్టుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది, లేనివాటికి ఇంటర్వలోమీటర్ అనే చిన్న రిమోట్ కొనుక్కోవాలి. 24 మెగాపిక్సెళ్ల రా ఫొటో 25 ఎంబీ అనుకున్నా 1,440 ఫొటోలకు 36 జీబీ కావాలి. నిండుగా ఛార్జ్ చేసిన బ్యాటరీ, గాలికి ఊగకుండా స్టాండుకు వేలాడదీసిన బరువు తప్పనిసరి. వీడియో చట్రం ఫొటో కన్నా అడ్డంగా పొడుగు కనుక ఫొటోలో పైనా కిందా కొంత వదలాలి. షట్టర్‌కూ ఆయుష్షు ఉంది. లక్ష క్లిక్కులని చెప్పే కెమెరాలో పైన చెప్పిన నిమిషం వీడియోలు డెబ్బై లోపే వస్తాయి. అందువల్ల ఏది తీయదగినదో ఆలోచించాకే బటన్ నొక్కాలి. ఫొటోలను వీడియోగా కూర్చడానికి డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ చాలు.

ఏది తీయదగినది? నా మటుకు కాప్రాలో మొదటి జవాబు చెరువే. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతుంది. 2007లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ జేమ్స్ బేలాగ్ గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, అలాస్కా హిమానీనదాల ఎదుట నికాన్ కెమెరాలు బిగించి, పగటి వెలుతురులో విరామాలతో ఏళ్ల తరబడి తీయించాడు. మంచు వెనక్కి తగ్గిపోతోందని పుస్తకాల్లో ఉన్న మాట 2012లో ‘చేజింగ్ ఐస్’ సినిమాలో అందరికీ కనిపించింది. మన చెరువులకూ అలాంటి సాక్ష్యం కావాలి. చెరువులను కమ్మేసే గుర్రపుడెక్క మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. ఈ వేళ చూసి వెళ్లినవారికి వచ్చే నెల ఎంత పరుచుకుందో గుర్తుండదు. ఒడ్డు ఎంత జరిగింది, కొత్త గోడ ఎప్పుడు లేచింది అన్నదీ అంతే.

దీనికి కెమెరాను అక్కడే వదలనక్కర్లేదు. ఒకే చోట నేల మీద గుర్తు పెట్టుకుని, ఒకే లెన్సుతో, కదలని ఒక కట్టడం ఫ్రేములో ఒకే మూలకు వచ్చేలా సరిచూసుకుని, రోజూ ఒకే వేళకు ఒక్క ఫొటో తీస్తే చాలు. ఏడాదికి 365 ఫొటోలు, సెకనుకు పన్నెండు చొప్పున చూపితే అరనిమిషం. రోజుకో రకం ఎండ వల్ల వెలుతురు కొంత మారుతుంది, ఫొటోలను ఒకదానిలోకి ఒకటి కరిగిస్తే అదీ సర్దుకుంటుంది. తేదీ, వేళ, నిలబడ్డ చోటు, లెన్సు కొలత ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మీరు ఊళ్లో లేని రోజున పక్కింటివాళ్లో, మీ పిల్లలో అదే గుర్తు మీద నిలబడి ఆ పనిని కొనసాగించగలగాలి.